రెండు చందమామలు, రెండు రాజకీయాలు: సైన్స్ ఫిక్షన్‌లో కుడి ఎక్కడ, ఎడమ ఎక్కడ?

1968 జూన్‌లో ‘గెలాక్సీ’ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పత్రిక ఎదురెదురు పేజీల్లో రెండు ప్రకటనలు అచ్చువేసింది. అప్పటికి వియత్నాంలో అమెరికా యుద్ధం ఉధృతంగా సాగుతోంది. ఒక పేజీలో, అమెరికా అక్కడ నిలిచి తీరాలంటూ సంతకం పెట్టిన రచయితలు డెబ్భై మందికి పైగా ఉన్నారు. ఎదుటి పేజీలో, మేము ఆ యుద్ధానికి వ్యతిరేకమంటూ సంతకం పెట్టినవాళ్లు ఎనభై మందికి పైగా ఉన్నారు. మొదటి జాబితాలో రాబర్ట్ హైన్‌లైన్, పోల్ ఆండర్సన్, లారీ నివెన్. రెండో జాబితాలో అర్సులా లె గ్విన్, ఐజాక్ అసిమోవ్, రే బ్రాడ్‌బరీ, ఫిలిప్ కె. డిక్. అందరూ రాకెట్లు, గ్రహాంతరవాసులు, రోబోల గురించి రాసేవాళ్లే. ఒకే పత్రికల్లో, ఒకే పాఠకులకు రాసేవాళ్లే.

సైన్స్ ఫిక్షన్ అంటే యంత్రాల కథలు, వాటిలో రాజకీయమేముంటుంది అని చాలామంది అనుకుంటారు. ఆ రెండు పేజీలు చాలు, అది నిజం కాదని చెప్పడానికి. రాబోయే రోజులు ఎలా ఉంటాయో ఊహించాలంటే ఎవరు పాలిస్తారు, ఎవరు పని చేస్తారు, ఎవరికి తిండి దొరుకుతుంది, ఎవరి మాట చెల్లుతుంది అన్నవీ ఊహించాల్సిందే. అవన్నీ రాజకీయ ప్రశ్నలే.

అయితే ఆ రాజకీయం కథలో ఎక్కడ ఉంటుంది? రచయిత ఏ జాబితాలో సంతకం పెట్టాడో చూస్తే తెలిసిపోతుందా? తెలియదనే మేము అనుకుంటున్నాం. ఎందుకో చెప్పడానికి ఆ రెండు పేజీల నుంచి ఒక్కొక్కరిని, ఒక్కో నవలను తీసుకుందాం. విచిత్రమేమిటంటే రెండు నవలలూ చందమామ గురించినవే.

మొదటి చందమామ: గాలికి కూడా డబ్బు కట్టాలి

హైన్‌లైన్ నవల ‘ద మూన్ ఈజ్ ఎ హార్ష్ మిస్ట్రెస్’ 1966లో పుస్తకంగా వచ్చింది. అందులో 2075 నాటికి చంద్రుడు ఒక జైలు. భూమి మీద పనికిరారనుకున్న నేరస్తులను, రాజకీయ ఖైదీలను అక్కడికి పంపేశారు. శిక్ష ముగిసినా వాళ్లు తిరిగి రాలేరు; తక్కువ గురుత్వాకర్షణకు అలవాటుపడిన ఒళ్లు భూమి బరువును తట్టుకోదు. వాళ్ల పిల్లలు, మనవలు ఏ నేరమూ చేయకుండానే అక్కడివాళ్లయ్యారు. సొరంగాల్లో గోధుమలు పండించి భూమికి పంపడం వాళ్ల పని. ధర నిర్ణయించేది భూమి.

ఆ గోధుమలు వచ్చేది ముఖ్యంగా మన దేశానికే. నవల రాసిన రోజుల్లో భారతదేశం పీఎల్-480 పథకం కింద అమెరికా గోధుమల మీద ఆధారపడి ఉంది. అప్పటి రేషను షాపుల ముందు వరుసలు మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అమెరికన్ పాఠకుడికి ఆకలిగొన్న భారతదేశం అప్పుడు రోజూ వార్తల్లో కనిపించే బొమ్మ. హైన్‌లైన్ దాన్నే తీసుకెళ్లి నూరేళ్ల తర్వాతి భవిష్యత్తులో పెట్టాడు. రచయిత భవిష్యత్తు రాస్తున్నానని అనుకున్నా, తన కాలపు అభిప్రాయాలు కథలోకి ఇలాగే నడిచి వస్తాయి.

గోధుమలతో పాటు చంద్రుడి మీది నీళ్లూ తరలిపోతున్నాయి. ఇలాగే సాగితే కొన్నేళ్లలో అక్కడ కరువు తప్పదని ఒక కంప్యూటరు లెక్క కట్టి చెబుతుంది. జనం తిరగబడతారు, స్వతంత్రం ప్రకటించుకుంటారు. వాళ్ల ఆదర్శ సమాజం ఎలాంటిదంటే, అక్కడ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది ఏదీ ఉండదు, పీల్చే గాలికి కూడా ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. మనిషి జోలికి ప్రభుత్వం రాకూడదు, ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలి. దీన్నే స్వేచ్ఛావాదం అంటారు. అమెరికాలో కుడిపక్షపు ఒక పాయకు ఈ నవల ఇప్పటికీ పారాయణ గ్రంథం లాంటిది.

రెండో చందమామ: నాది అన్న మాటే లేదు

లె గ్విన్ నవల ‘ద డిస్‌పొజెస్డ్’ 1974లో వచ్చింది. ఉర్రాస్ అనే సంపన్న గ్రహం, దాని చుట్టూ తిరిగే అనార్రెస్ అనే ఎండిపోయిన చందమామ. నూటయాభై ఏళ్లకు పైగా వెనక ఉర్రాస్ మీద తిరుగుబాటు చేసినవాళ్లు అనార్రెస్‌కు వెళ్లి స్థిరపడ్డారు. అక్కడ ప్రభుత్వం లేదు, పోలీసు లేడు, జైలు లేదు, సొంత ఆస్తి లేదు. ఉన్నది అందరూ పంచుకుంటారు. పని అందరూ చేస్తారు. మురికి పనులు వంతులవారీగా వస్తాయి. కరువు వస్తే అందరికీ ఒకేసారి కంచంలో తగ్గుతుంది. ఎడమపక్షపు ఆలోచనల్లోనూ అరాజకవాదం అనే శాఖకు ఇది బొమ్మ కట్టిన నవల.

కానీ లె గ్విన్ అక్కడ ఆగలేదు. షెవెక్ అనే భౌతిక శాస్త్రవేత్త కొత్త సిద్ధాంతం కనిపెడతాడు. ఆపడానికి ప్రభుత్వమే లేని చోట అతన్ని ఆపిందెవరు? పైనున్న పెద్దాయన అసూయ, తోటివాళ్ల చూపులు, అందరిలా ఉండవేం అన్న సణుగుడు. చట్టం లేకపోయినా నలుగురి నోటికి జడిసి నోరు మూసుకునే సమాజం తయారైంది. తను నమ్మిన ఆదర్శంలోనే పుట్టే పురుగును రచయిత్రి దాచకుండా చూపించింది.

రెండింటికీ ఒకే బహుమతి

స్వేచ్ఛావాదులు ‘ప్రొమీథియస్’ అనే బహుమతి ఇస్తుంటారు. వ్యక్తి స్వేచ్ఛను సమర్థించే వైజ్ఞానిక కల్పనకు అది ప్రత్యేకం. పాత గొప్ప రచనల గౌరవ జాబితా మొదలుపెట్టిన 1983లోనే హైన్‌లైన్ చందమామ నవలకు అందులో చోటిచ్చారు. అందులో ఆశ్చర్యం లేదు. పదేళ్ల తర్వాత 1993లో అదే జాబితాలోకి లె గ్విన్ నవల కూడా చేరింది. ఆస్తే వద్దన్న నవలకు, ఆస్తి హక్కును నమ్మేవాళ్లు పీట వేశారు. 1968లో ఎదురెదురు పేజీల్లో నిలిచిన ఇద్దరు ఇక్కడ పక్కపక్కన కూర్చున్నారు.

ఇది పొరపాటు కాదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటుంది: దూరాన కూర్చుని హుకుం జారీ చేసే అధికారం మీద అనుమానం. ఒకరు దానికి మందుగా సొంత ఆస్తిని చూపారు, ఇంకొకరు ఆస్తి లేకపోవడాన్ని చూపారు.

హైన్‌లైన్ జీవితం చూసినా ఒక్క గుర్తు సరిపోదు. 1934లో కాలిఫోర్నియాలో పేదరికాన్ని తుదముట్టిస్తానంటూ సోషలిస్టు రచయిత అప్టన్ సింక్లెయిర్ నడిపిన ఎన్నికల ఉద్యమంలో ఆయన పనిచేశాడు. 1938లో తనే డెమోక్రాటిక్ పార్టీ తరఫున రాష్ట్ర శాసనసభ సీటు కోసం దిగి ఓడిపోయాడు. కథలు రాయడం ఆ తర్వాతి మాట. 1958 నాటికి అణు పరీక్షలు ఆపవద్దంటూ పత్రికా ప్రకటన ఇచ్చే దాకా వచ్చాడు. మరుసటి ఏడు ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ రాశాడు. ఆ సమాజంలో ప్రభుత్వ సేవ పూర్తి చేసినవాళ్లకే ఓటు. కథలో మనం చూసేది సైనిక సేవే. సైన్యాన్ని నెత్తిన పెట్టుకున్న నవల అని దాన్ని తిట్టినవాళ్లు ఎంతోమంది. వియత్నాంలో గాయపడి వచ్చిన జో హాల్డెమన్ 1974లో ‘ద ఫరెవర్ వార్’ రాశాడు. ఏ లాభమూ లేని యుద్ధం, తిరిగొచ్చాక గుర్తుపట్టలేని సొంత ఊరు. రెండు నవలలకూ పాఠకులు హ్యూగో బహుమతి ఇచ్చారు.

ఇక అసలు విశేషం. ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ నాయకుడు జానీ రికో ఇంట్లో మాట్లాడేది తగాలోగ్, అంటే ఫిలిప్పీన్స్ భాష. ఆ సంగతి పుస్తకం చివరికి వచ్చాక మామూలుగా, ఒక్క మాటలో తెలుస్తుంది. అందరూ కుడిపక్షం అని ముద్ర వేసిన నవలలో 1959లోనే అమెరికన్ తెల్లవాడు కాని నాయకుడున్నాడు, అతని ఇంటి భాష బతికే ఉంది. ఎడమపక్షపు అనార్రెస్‌లోనో, అందరికీ ఒకే భాష. ‘ప్రావిక్’ అనే ఆ భాషను ఒక పథకం ప్రకారం తయారుచేశారు. అందులో ‘మా అమ్మ’ అనడం కన్నా ‘అమ్మ’ అనడమే సరైన పద్ధతి. పిల్లల పేర్లు కూడా కంప్యూటరే ఇస్తుంది. ఎవరి పాత ఇంటి భాషకూ అక్కడ చోటు లేదు.

మూడు ప్రశ్నలు

అందుకే మేము చెప్పేది ఇది: ఒక కథ ఎటు మొగ్గుతుందో రచయిత పార్టీని బట్టి చూస్తే సగమే తెలుస్తుంది. కథ దేన్ని అడక్కుండా ఒప్పేసుకుందో చూస్తే మిగతా సగం తెలుస్తుంది. దానికి మూడు ప్రశ్నలు చాలు.

మొదటిది, పని ఎవరు చేస్తున్నారు? హెచ్.జి. వెల్స్ ‘ద టైమ్ మెషీన్’ 1895లో వచ్చింది. అందులో ఎన్నో లక్షల ఏళ్ల తర్వాత మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. పైన ఎండలో ఆడుకునే సుకుమారులు ఎలోయ్‌లు, కింద చీకట్లో యంత్రాలు తిప్పే మోర్లాక్‌లు. యజమానీ కూలీల తేడా ముదిరి ముదిరి ఇక్కడికి వచ్చిందని వెల్స్ చెప్పాడు. మనవాళ్లకు ఇది కొత్త కాదు. 2024లో వచ్చిన తెలుగు సినిమా ‘కల్కి 2898 ఏడీ’లో పైన నీళ్లూ పచ్చదనమూ ఉన్న కాంప్లెక్స్, కింద గంగ ఎండిపోయిన కాశీ. నూటపాతికేళ్లు దాటినా బొమ్మ అదే. అందులో మన లెక్క పైనా, కిందా అని అడగడమే రాజకీయం.

రెండోది, లెక్కలో ఎవరున్నారు? శామ్యూల్ డెలానీ నల్లజాతి రచయిత. 1967లో తన ‘నోవా’ నవలను ‘అనలాగ్’ పత్రికకు పంపితే, నల్లవాడు నాయకుడైతే మా పాఠకులు ఒప్పుకోరన్న అర్థంలో సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ కాదన్నాడని ఆయన తర్వాత రాశాడు. నక్షత్రాల మధ్య ఓడలు తిరగడం నమ్మేసే పాఠకుడు, ఆ ఓడను నల్లవాడు నడపడం మాత్రం నమ్మడన్నమాట! అలా కాదనడానికి ఏ పార్టీ జెండా అవసరం రాలేదు, అలవాటు సరిపోయింది.

మూడోది, భాష ఎవరిది? జార్జ్ ఆర్వెల్ 1949 నాటి ‘1984’లో పాలకులు నిఘంటువును ఏటేటా చిన్నది చేస్తుంటారు. మాట లేకపోతే ఎదురుచెప్పే ఆలోచనే పుట్టదని వాళ్ల లెక్క. హైన్‌లైన్ చందమామ మీద జరిగింది దీనికి తలకిందులు. నాలుగు దిక్కుల నుంచి తోలుకొచ్చిన జనం కాబట్టి ఇంగ్లీషులో రష్యన్ మాటలు కలిసిపోయి, వ్యాకరణం అరిగి, ఒక కొత్త యాస తయారైంది. కథ చెప్పేవాడు మొత్తం నవలను ఆ యాసలోనే చెబుతాడు, ఎక్కడా క్షమాపణ అడగడు.

ఆ యాస గురించి చదివితే మనకు మన ఇళ్లు గుర్తుకు రాకమానవు. హోసూరు తెలుగులో తమిళం, కోలారు తెలుగులో కన్నడం, పర్లాకిమిడి తెలుగులో ఒడియా, షోలాపూరు తెలుగులో మరాఠీ అలాగే కలిసిపోయాయి. అది చెడిపోయిన తెలుగు అని అనేవాళ్లున్నారు. బతకడానికి దారి వెతుక్కున్న తెలుగు అని మేమంటాం.

మన ఇరుగుపొరుగు భాషల్లో

ఈ కథంతా అమెరికాలోనే జరిగిందనుకోవద్దు. మన చుట్టూ ఉన్న భాషల్లోనూ ఈ రకం రాతలు బలంగా ఉన్నాయి.

1905లో బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో ‘సుల్తానాస్ డ్రీమ్’ రాసింది. ఆ ఆడవాళ్ల రాజ్యంలో మగవాళ్లు పరదా వెనక ఉండి వంట చేస్తారు, పిల్లల్ని చూసుకుంటారు. స్త్రీల విశ్వవిద్యాలయాలు మబ్బుల నుంచి నీళ్లు దింపుతాయి, ఎండ వేడిని పట్టి దాస్తాయి. దండెత్తి వచ్చిన శత్రువును ఆ వేడితోనే తరిమికొడతారు. ఈ కథ అచ్చయింది మద్రాసులో, ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో. ఆ పత్రికను 1901లో మొదలుపెట్టి నడిపిన కమలా సత్తియనాథన్ తెలుగింటి ఆడపడుచు. ఆమె తెలుగు నేల వదిలి మద్రాసులో స్థిరపడి, ఒక ముస్లిం బెంగాలీ స్త్రీ రాసిన ఊహకు చోటిచ్చింది. ప్రపంచంలో స్త్రీవాద సైన్స్ ఫిక్షన్ చరిత్ర ఎవరు రాసినా ఈ కథ దగ్గర ఆగాల్సిందే. ప్రవాసాంధ్రుల చరిత్రలో దీన్ని మనం కాస్త గట్టిగానే చెప్పుకోవచ్చు.

తమిళంలో సుజాతగా పేరుపడ్డ రంగరాజన్ బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరు. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం తయారీలో ఆయన చెయ్యి ఉంది. ఆయన రాసిన ‘ఎన్ ఇనియ ఇయందిరా’ నవలలో భవిష్యత్ భారతదేశాన్ని జీవా అనే నియంత ఏలుతుంటాడు. బిడ్డను కనాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఓటు యంత్రం కోసం పనిచేసిన మనిషే ఓటుకు విలువ లేని దేశాన్ని ఊహించాడు. యంత్రం మంచిదా చెడ్డదా అన్నది కాదు, దాని మీట ఎవరి చేతిలో ఉందన్నదే ఆయన ప్రశ్న.

మరాఠీలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ రాసిన ఒక కథ ‘ది అడ్వెంచర్’ పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి ఇంగ్లీషు పుస్తకం ‘హార్న్‌బిల్’లో పాఠంగా చేరింది. మన పిల్లల్లో చాలామంది చదివే ఉంటారు. 1761 పానిపట్టు యుద్ధంలో మరాఠాలు గెలిచి ఉంటే దేశం ఎలా ఉండేది అన్నది ఆ కథ. ఆ లోకంలో భారతదేశం తెల్లవాళ్లకు లొంగలేదు, తన కాళ్ల మీద తను నిలబడింది. చదవడానికి ఎంతో బాగుంటుంది. అదే తరగతిలో కూర్చున్న మన పిల్లవాడు ఇంకో ప్రశ్న కూడా అడగవచ్చు: ఆ గెలిచిన దేశంలో మా తాతలు ఎక్కడ ఉండేవాళ్లు, ఏ భాషలో చదివేవాళ్లు? ఇది కథను తప్పుపట్టడం కాదు. ఏ కథకైనా నిలబడే చోటు ఒకటుంటుంది, అది ఎక్కడుందో కనిపెట్టడం.

ఇప్పటికీ ఆగని తగాదా

ఎదురెదురు పేజీల తగాదా 1968తో ముగియలేదు. హ్యూగో బహుమతులకు పాఠకులే ఓటు వేస్తారు. సామాజిక న్యాయం గురించిన కథలకే బహుమతులు వెళ్తున్నాయని, పాతకాలపు సాహస కథలకు అన్యాయం జరుగుతోందని 2015లో ఒక వర్గం మూకుమ్మడిగా తమ జాబితాను నామినేషన్లలోకి ఎక్కించింది. మిగతా ఓటర్లు ఐదు విభాగాల్లో ‘ఎవరికీ వద్దు’ అని ఓటేసి తిప్పికొట్టారు. ఆ తర్వాత 2016, 2017, 2018లో వరుసగా మూడేళ్లు ఉత్తమ నవల బహుమతిని నల్లజాతి రచయిత్రి ఎన్.కె. జెమిసిన్ గెలుచుకుంది.

2023లో చైనాలోని చెంగ్డూలో ఆ సభ జరిగినప్పుడు తగాదా ఇంకో రూపంలో వచ్చింది. కొన్ని రచనలను ఏ కారణమూ చెప్పకుండా ‘అర్హత లేదు’ అని పక్కన పెట్టారు. మరుసటి ఏడాది బయటపడిన ఈమెయిళ్లలో, చైనాలో ఇబ్బంది కావచ్చని రచయితల రాజకీయాలను నిర్వాహకులు ముందే ఆరా తీసిన సంగతి తెలిసింది. అలా పక్కన పడ్డ వాటిలో ఒకటి ఆర్.ఎఫ్. కువాంగ్ నవల ‘బేబెల్’. దాని కథేమిటో తెలుసా? వలస దేశాల భాషలను, ఆ భాషలు తెలిసిన పిల్లలను బ్రిటిష్ సామ్రాజ్యం తన బలం కోసం ఎలా వాడుకుందన్నది.

ఈ రెండు తగాదాలూ ఒకే మాట చెబుతున్నాయి. భవిష్యత్తు కథలో ఎవరుండాలి అన్నది చిన్న విషయమే అయితే దాని కోసం ఇంత పోరు జరగదు.

మనకు దీనితో పనేమిటి?

ఎక్కువమంది మధ్య తక్కువమందిగా బతకడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బడిలో తెలుగు మాధ్యమం ఉంటుందా, పరీక్ష ఏ భాషలో రాయాలి అన్నవి మనకు కథలు కావు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత తెలుగు పిల్లలు పదో తరగతి పరీక్షలో తమ భాష కోసం కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. రేపటి బడి ఎలా ఉండాలో ముందు ఎవరో ఊహించారు, తర్వాత చట్టం రాశారు. ఆ ఊహలో మనం ఉన్నామా లేదా అన్నదాని మీదే మిగతాదంతా నడిచింది.

భవిష్యత్తు కథలు చేసే పని కూడా అదే. నాలుగు వందల ఏళ్ల తర్వాతి లోకాన్ని చూపించే సినిమాలో అందరూ ఒకే భాష మాట్లాడుతుంటే, మిగతా భాషలన్నీ ఏమయ్యాయని మనం అడగం. అడగకపోవడం అలవాటైతే, అవి పోవడం సహజమే అన్న నమ్మకం మెల్లగా మనలో దిగుతుంది. కుడిపక్షం కథయినా ఎడమపక్షం కథయినా ఈ ప్రమాదం ఒకటే.

కాబట్టి పిల్లలకు ఈ పుస్తకాలు ఇవ్వండి. రచయిత మన పక్షమా కాదా అని వడపోయకుండా హైన్‌లైన్‌నూ ఇవ్వండి, లె గ్విన్‌నూ ఇవ్వండి. చదివాక ఆ మూడు ప్రశ్నలు అడగండి: పని ఎవరు చేస్తున్నారు, లెక్కలో ఎవరున్నారు, భాష ఎవరిది? తర్వాత ఇంకో పని కూడా చెప్పండి. 2100లో హోసూరులోనో, బళ్లారిలోనో, పర్లాకిమిడిలోనో, షోలాపూరులోనో, యానాంలోనో ఒక పిల్ల పొద్దున్నే లేచి ఇంట్లో ఉన్న యంత్రాన్ని ఏదో అడుగుతుంది. ఆ యంత్రం ఆమెకు ఏ భాషలో జవాబు చెబుతుంది? అక్కడి నుంచి కథ రాయమనండి, వాళ్లింటి తెలుగులోనే.